గ్రానైట్ దుమ్ములో మా హాస్టల్ సోలార్: రెండేళ్ళ అనుభవం

చీమకుర్తికి దగ్గర్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కరెంటు, నీళ్ళు చూసుకునేది నేనే. మా బాయ్స్ హాస్టల్ మిద్దె మీద 100 కిలోవాట్ల సోలార్ పెట్టించి రెండేళ్ళయింది. ఎలా ఉందని చాలామంది అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను.

ఫిట్టింగ్‌కు వంక పెట్టలేను. శ్లాబుకు చిల్లి పెట్టకుండా కాంక్రీటు దిమ్మెలు పోసి వాటి మీద ఫ్రేములు నిలబెట్టారు. ఎంత గాలి వచ్చినా ఒక్క బోల్టు కదల్లేదు, గదుల్లోకి చెమ్మ దిగలేదు.

అసలు సంగతి దుమ్ము. క్వారీలు, లారీలు, కటింగ్ ఫ్యాక్టరీలు ఉన్న చోటు కదా, ప్యానెల్ మీద వేలితో గీస్తే సిమెంటు లాంటి పొడి అంటుతుంది. తెల్లవారుజామున మంచుకు తడిసి జారి, కింది అంచున రెండు వేళ్ళ వెడల్పున గట్టిపడుతుంది. చూడ్డానికి కొంచెమే. కానీ ప్యానెల్‌లో కరెంటు పుట్టించే చిన్న పలకలు, అంటే సెల్స్, అన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి అడుగు వరస మూసుకుపోతే ప్యానెల్ మొత్తం డీలా పడుతుంది. మంచి ఎండలో రోజుకు 400 యూనిట్లు వచ్చేది, మొదటి ఫిబ్రవరిలో 310కి పడిపోయింది. ప్యానెళ్ళ కరెంటును మన వాడకానికి తగ్గట్టు మార్చే ఇన్వర్టర్ పోయిందేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాను.

సర్వీసు వాళ్ళు వచ్చి మా బోరు నీళ్ళతో కడిగి వెళ్ళారు. ఆరాక చూస్తే అద్దాల నిండా తెల్ల మచ్చలు. ఫోటోలు పంపితే వారంలో వేరే కుర్రాణ్ణి పంపారు. పొద్దున ఐదున్నరకే మిద్దె మీదున్నాడు. "ఎండెక్కితే అద్దం కాలిపోతుంటది అన్నా, అప్పుడు చల్లనీళ్ళు పోస్తే పగులుద్ది" అన్నాడు. వాన నీళ్ళ ట్యాంకులోంచి పట్టుకుని, మెత్తటి మాపుతో రుద్ది, రబ్బరు వైపర్‌తో లాగేశాడు. సగం ఆ రోజు, సగం మర్నాడు. పదిహేను రోజులకోసారి వస్తున్నాడు. మబ్బు రోజుల్లో తప్ప మళ్ళీ 400 తగ్గలేదు. అంత శ్రద్ధగా పనిచేసేవాళ్ళు దొరకడం కష్టం.

ఒక్క విషయంలో మాత్రం బాధపడ్డాను. కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుందని కంపెనీ వాళ్ళు ముందు చెప్పలేదు. లైను మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ అలా ఆగడం న్యాయమే, కానీ సంతకం పెట్టకముందే చెప్పాల్సిన మాట అది. మొదటి వేసవిలో మిట్టమధ్యాహ్నం అంత ఎండ పెట్టుకుని డీజిల్ కాల్చాం. తర్వాత జనరేటర్‌తో సోలార్‌ను కలిపి నడిపే కంట్రోలర్ విడిగా డబ్బు కట్టి పెట్టించాం. ఇప్పుడు జనరేటర్ మీద కొంత లోడు ఉంచి, మిగతాది మిద్దె మీది నుంచే తీసుకుంటుంది. డీజిల్ బాగా తగ్గింది.

మన దేశంలో గ్రిడ్ కరెంటు ఒక్కో యూనిట్‌కు సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుందని లెక్క. అంటే మా మిద్దె రోజుకు దాదాపు 280 కిలోలు ఆపుతోంది. కృష్ణపట్నం దగ్గర నేలటూరు థర్మల్ ప్లాంటు గొట్టాలు చూసినవాణ్ణి, నాకిది చిన్న లెక్క కాదు. నీళ్ళ మోటార్లు, మెస్‌లో గ్రైండర్లు కూడా ఇప్పుడు పొద్దున పది దాటాకే వేయిస్తున్నాను.

గర్ల్స్ హాస్టల్ సోలార్ పనీ ఈ కంపెనీకే ఇస్తున్నాం. నెలకు రెండుసార్లు కడగాలని, బోరు నీళ్ళు వాడకూడదని ఈసారి అగ్రిమెంట్‌లోనే రాయించాను.