ఏటా కొనే ప్యాకెట్టా, ఇంట దాచే కాయా: మెట్ట రైతుకు ఏ విత్తనం మేలు?

ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో ఒకే ఇంటికి నల్లరేగడిలో కొంత, ఎర్రనేలలో కొంత పొలం ఉండడం మామూలే. మా ఇల్లూ అలాంటిదే. రేగడిలో పత్తి పెడతాం, ఎర్రచేలో వేరుశనగ విత్తుతాం. పత్తికి విత్తనం అంగడి నుంచి ప్యాకెట్లలో వస్తుంది. వేరుశనగకు వీలైనంతవరకు ఇంటి కాయే. జన్యుమార్పిడి పంటలు కావాలా వద్దా అన్న వాదన ఎక్కడ విన్నా నాకు ఈ రెండు విత్తనాలే గుర్తుకొస్తాయి. మెట్ట రైతు ముందున్న అసలు ఎంపిక ఏటా కొనక తప్పని విత్తనానికీ, పండిన దాంట్లోంచి మళ్లీ విత్తుకోగల విత్తనానికీ మధ్యే ఉందని నా నమ్మకం.

ముందుగా ప్యాకెట్ చేసిన మేలు చెప్పాలి. 1990ల చివర శనగపచ్చ పురుగు పత్తిని ఊడ్చిపెట్టిన రోజుల్లో మా నాయన వారం తిరక్కుండానే మళ్లీ మందు కొట్టేవాడు, సాయంత్రానికి తల తిరుగుతోందని అరుగు మీద పడుకునేవాడు. 2002 మార్చిలో జన్యుమార్పిడి పంటలకు అనుమతులిచ్చే, కేంద్ర పర్యావరణ శాఖ కింది జీఈఏసీ అనే కమిటీ బీటీ పత్తికి అనుమతి ఇచ్చాక, మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా నుంచి తెచ్చిన జన్యువుతో మొక్కే పురుగును చంపే ప్రోటీన్‌ను తయారుచేసుకోవడం మొదలుపెట్టింది. మా ఇంట్లో ఆ పురుగు కోసం మందు కొట్టడం బాగా తగ్గింది. ఆ మేలును నేను మరిచిపోలేను.

అయితే అప్పట్లో 450 గ్రాముల బీటీ గింజలతో పాటు మరో చిన్న సంచి కూడా ఇచ్చేవారు. అందులో 120 గ్రాముల బీటీ లేని గింజలు ఉండేవి. వాటిని చేను చుట్టూ వరుసలుగా పెడితే, వాటి మీద బతికిన మామూలు పురుగులు బీటీని తట్టుకున్న పురుగులతో జతకూడి, ఆ తట్టుకునే గుణం తొందరగా పాకకుండా ఆపుతాయన్నది శాస్త్రవేత్తల ఆలోచన. మా ఊళ్లో ఆ సంచిని గట్టు మీద పారేసినవాళ్లనే ఎక్కువగా చూశాను. అది రైతుల తప్పని అనలేను, ఎందుకంటే ఎకరం, రెండెకరాల చేనున్నవాడిని చుట్టూ వరుసలు పురుగుకు వదిలేయమని ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో రాస్తే సరిపోతుందనుకున్న నియంత్రణలోనే లోపముంది. 2006లో రెండు బీటీ జన్యువులున్న బోల్‌గార్డ్-2 పత్తి వచ్చింది. సుమారు పదేళ్లలో గులాబీరంగు పురుగు దాన్నీ తట్టుకుంది. ఇప్పుడు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పువ్వును, మేం గుడ్డిపూత అనేదాన్ని, వేళ్లతో విప్పితే రేకుల మధ్య సన్నటి పురుగు కదులుతూ కనిపిస్తుంది.

ఇంకో సంగతి తక్కువమంది మాట్లాడతారు. చైనా, అమెరికా, ఆస్ట్రేలియా రైతులు బీటీ జన్యువును ఎక్కువగా సూటి రకాల్లో, అంటే హైబ్రిడ్ కాని, గింజను మళ్లీ విత్తినా గుణం మారని రకాల్లో వాడుకోగా, మన దేశంలో దాన్ని దాదాపు పూర్తిగా హైబ్రిడ్లలోనే పెట్టారు. హైబ్రిడ్ గింజను దాచి మరుసటి ఏడు పెడితే మొక్కలు ఒక్కతీరుగా రావు, దిగుబడి పడిపోతుంది, కాబట్టి చట్టం అడ్డుపడకపోయినా రైతు అంగడికి వెళ్లక తప్పదు. పైగా ఆ విత్తనం ఖరీదైనది కనుక మొక్కల్ని దూరందూరంగా పెట్టి, పంటను చలికాలం దాకా చేలో ఉంచుతాం. గులాబీరంగు పురుగుకు కావలసిందీ ఆ చివరి నెలలే. ధర విషయంలో మాత్రం ప్రభుత్వం గట్టిగా నిలబడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో పత్తి విత్తన ధరలపై ప్రత్యేక చట్టమే తెచ్చింది. 2015 డిసెంబరులో ఇచ్చిన ఉత్తర్వు కింద కేంద్రం ఏటా గరిష్ఠ ధర నిర్ణయిస్తోంది, 2025లో అది బోల్‌గార్డ్-2 ప్యాకెట్‌కు రూ.901.

ఇక దాచుకునే విత్తనం సంగతి. బీటీకి ముందు మా అవ్వ పత్తి గింజలను పేడనీళ్లలో, ఎర్రమన్నులో రుద్ది, నూగు అణిగి విత్తే గొర్రు జడ్డిగంలోంచి జారేదాకా ఎండబెట్టేది. నంద్యాల పరిశోధనా స్థానం ఇచ్చిన నరసింహ వంటి సూటి రకాలను అలా ఏళ్ల తరబడి విత్తుకోవచ్చు. వేరుశనగలో ఈ పద్ధతి నేటికీ బతికే ఉంది. కదిరి పరిశోధనా స్థానం 2005లో విడుదల చేసిన కదిరి-6 అనంతపురం ఎర్రనేలల్లో ఎంతగా పాకిందో చెప్పనక్కర్లేదు. వేరుశనగ తనలో తానే పరాగసంపర్కం చేసుకునే పంట, కాబట్టి కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనేదాకా ఎండబెట్టి గోతాల్లో పెట్టుకుంటే రకం చెడదు. అయితే ఎకరానికి అరవై కిలోలకు పైగా గింజలు కావాలి, వాన లేని ఏడు దాచిన కాయలనే అమ్ముకోక తప్పదు, అప్పుడు రాయితీ మీద వచ్చే 30 కిలోల బస్తాల కోసం వరుసలో నిలబడాలి. ఇంటి విత్తనాన్ని మెచ్చుకునేవారు ఈ కష్టాన్ని దాటవేయకూడదు.

చట్టం దృష్టితో చూస్తే రెండింటికీ తేడా మరింత స్పష్టమవుతుంది. 1966 విత్తన చట్టం కింద నాసిరకం విత్తనం అమ్మినవాడికి మొదటి తప్పుకు జరిమానా గరిష్ఠంగా రూ.500; రైతుకు పరిహారం ఇప్పించే నిబంధన అందులో లేదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం మాత్రం విత్తనాన్ని దాచుకునే, పంచుకునే, బ్రాండు పేరు లేకుండా అమ్ముకునే హక్కును రైతుకు ఇచ్చింది. హైబ్రిడ్ కొన్నవాడికి ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది. అంతకంటే అన్యాయమైన స్థితి బీజీ-3 పేరుతో చాటుగా అమ్మే కలుపుమందు తట్టుకునే పత్తిది. దానికి జీఈఏసీ అనుమతి లేదు, బిల్లు ఉండదు, మొలవకపోతే అడగడానికి మనిషే ఉండడు. కూలీల ఖర్చు భరించలేక దాన్ని కొన్న రైతు బాధ నాకు తెలుసు, అయినా ఆ మూడో దారిని ఎవరికీ సిఫారసు చేయలేను.

నా తీర్పు రెండు నేలలకు రెండు విధాలుగా ఉంటుంది. ఎర్రనేలలో ప్రభుత్వ స్థానాల సూటి రకం, ఇంట దాచిన కాయ, ఇవే మేలు. రేగడిలో ఈ రోజుకు బీటీ ప్యాకెట్ తప్పదు, ఎందుకంటే బీటీ లేని మంచి పత్తి విత్తనం అంగట్లో దొరకడం కష్టం. కానీ మేలైనది ఇంకా మా చేతికి రాలేదు: బీటీ గుణమున్న, తక్కువ కాలంలో పండే, దగ్గరగా పెట్టుకోగల సూటి రకం. 2002లో వచ్చిన తొలి బీటీ పత్తి బోల్‌గార్డ్-1 జన్యువుకు మన దేశంలో పేటెంటే లేదు, కనుక ప్రభుత్వ స్థానాలు ఆ పని ఎప్పుడో పెద్ద ఎత్తున చేయవలసింది. కేసీ కాలువ కింద మనవాళ్లు పండించే సాంబమసూరి నుంచి హైదరాబాద్ వరి పరిశోధనా సంస్థ జన్యు సవరణతో, అంటే మొక్కలో ఉన్న జన్యువునే మార్చి, తయారుచేసిన కమల రకాన్ని 2025 మేలో ప్రకటించారు. వరిలో చేయగలిగినవారు పత్తిలోనూ చేయగలరు. 2025 నవంబరులో కేంద్రం అభిప్రాయాలకు పెట్టిన కొత్త విత్తన బిల్లు ముసాయిదాలో శిక్షలు పెరిగాయి. పంట పోయిన రైతుకు గడువులోగా పరిహారం ఇప్పించే ఏర్పాటు ఉందా అన్నదే నేను మొదట వెతికే విషయం.

అప్పటిదాకా ఏ విత్తనమైనా విత్తేముందు నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి, వారం తర్వాత మొలకలు లెక్కించండి. వేరుశనగలో 70, పత్తి హైబ్రిడ్లో 75 కంటే తక్కువ వస్తే ఆ విత్తనం నేలలో వేయవద్దు. ప్యాకెట్‌ను లాట్ నంబరు చిరిగిపోకుండా పక్కనుంచి కత్తిరించి, గుప్పెడు గింజలు అందులోనే మిగిల్చి, బిల్లుతో పాటు పంట చేతికొచ్చేదాకా దాచండి.