దేవుణ్ణి నమ్మని అమ్మాయికి ఎక్కడ మేలు: కడపా, బెంగళూరా, బోస్టనా, అలబామానా?

మా చెల్లెలి కూతురు మొన్న ఫోన్ చేసింది. "పెద్దమ్మా, నాకు దేవుడి మీద నమ్మకం లేదు. నీకొక్కదానికే చెప్తున్నా. నేను ఎక్కడుంటే మేలు?" అని అడిగింది. దాని ముందు నాలుగు దారులున్నాయి. కడపలోనే ఉద్యోగం చూసుకోవచ్చు. రమ్మంటున్న బెంగళూరు కంపెనీలో చేరవచ్చు. లేదంటే ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లవచ్చు. అక్కడ ఒక సీటు బోస్టన్‌లో వచ్చింది, ఇంకొకటి అలబామాలో. ఫీజుల లెక్క వాళ్ల నాన్న చూసుకుంటాడు. నేనూ నమ్మనిదాన్నే కాబట్టి ఈ సంగతి మాత్రం నన్నడిగింది.

ముందు మన కడప. ఇక్కడి భక్తి ఇరుకైనది కాదు. ఉగాది రోజు దేవుని కడప గుడికి ముస్లింలు కొబ్బరికాయలు పట్టుకొని వస్తారు. పెద్ద దర్గా ఉరుసుకు హిందువులు వెళ్తారు. పక్కన అనంతపురం వైపు గూగూడులో కుళ్లాయిస్వామి పీరుకు రెండు మతాలవాళ్లూ మొక్కుకుంటారు. బ్రహ్మంగారికి అందరికన్నా దగ్గరి శిష్యుడు సిద్దయ్య, దూదేకుల ముస్లిం. విగ్రహాలను, మొక్కుబడులను నిలదీసిన వేమన సమాధి కదిరి దగ్గర కటారుపల్లెలో ఉంది. ఇద్దరు దేవుళ్లకు మొక్కేవాళ్లకు మా సీమలో ఇంత చోటుంది. మరి ఒక్క దేవుడికీ మొక్కనివాళ్లకు?

పొద్దుటూరు దగ్గర మా ఊళ్లో "నువ్వు దేవుణ్ణి నమ్ముతావా?" అని నన్ను ఎవరూ అడగలేదు. "తిరణాలకు వస్తున్నావా, లేదా?" అనే అడిగారు. మనసులో ఏముందో ఎవరికీ పట్టదు. చందా ఇచ్చామా, పొంగలి పెట్టామా, చుట్టాలను పిలిచామా అన్నదే లెక్క.

ఆ లెక్క మగవాడికి ఒకలా, ఆడదానికి ఇంకోలా ఉంటుంది. మా తమ్ముడూ నాలాగే నమ్మడు. నాన్న దివసాలకు గుండు చేయించుకోనన్నాడు. పెద్దలు రెండు రోజులు గొణిగారు. తర్వాత "వాడంతే, పుస్తకాలు ఎక్కువ చదివినాడు" అని వదిలేశారు. ఇప్పటికీ పొలం తగాదా వస్తే వాడినే పంచాయితీకి పిలుస్తారు. వాడికి భూమి ఉంది, ఊళ్లో మాట చెల్లే కులం ఉంది. అవి లేనివాడు ఆ పని చేసుంటే అంత తేలిగ్గా వదిలేవాళ్లు కాదు.

నేను పెళ్లయిన ఏడాది వరలక్ష్మి వ్రతం చేయనన్నాను. మా అత్తను నలుగురూ నిలదీశారు, ఆమె నన్ను నిలదీసింది. ఆ తర్వాత బిడ్డకు జ్వరం వచ్చినా, బోరులో నీళ్లు ఎండినా కారణం నేనే. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం వస్తే తలుపులు, కిటికీలు మూసిన గదిలో పడుకోబెట్టారు. బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని వాళ్ల భయం. మన తెలుగావిడే, నాస్తిక ఉద్యమం నడిపిన సరస్వతి గోరా కడుపుతో ఉండి గ్రహణం చూశారు. ఆమె, భర్త గోరా కలిసి 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. అంతకుముందు 1933లో నాస్తికుడన్న కారణంతోనే గోరాకు కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోయింది. అయినా ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాలది ఒకటే మాట. నాకా తోడు లేదు. తలుపు తీయమని అడిగే ధైర్యం కూడా ఆ రోజు రాలేదు.

బెంగళూరు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితి చందా ఇస్తే అంతటితో సరి. అద్భుతాలను పరీక్షిద్దామని 1976లో కమిటీ వేసిన బెంగళూరు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ హెచ్. నరసింహయ్యది మన హిందూపురానికి అవతల, గౌరిబిదనూరు దగ్గర పల్లె. అలాంటివాళ్లు మసిలిన ఊరది. కాకపోతే రైలెక్కితే రాత్రికి రాత్రే ఇంటికొచ్చే దూరం. పండగలకు పిలుపు వస్తూనే ఉంటుంది, ఏదో ఒక సాకు చెప్తూనే ఉండాలి.

అమెరికా అంతా ఒకటే అనుకుంటాం. కాదు. ప్యూ అనే అమెరికా సర్వే సంస్థ 2014లో చేసిన సర్వేలో అలబామాలో 100కి 77 మంది గట్టి మతనిష్ఠ ఉన్నవాళ్లు, బోస్టన్ ఉన్న మసాచుసెట్స్‌లో 33 మందే. కొత్తగా వచ్చినవాళ్లను "మీరే చర్చికి వెళ్తారు?" అని అడగడం అలబామా ఉన్న అమెరికా దక్షిణాదిలో మామూలు. మా ఊరివాళ్లు నువ్వు వచ్చావా అని చూస్తారు, అక్కడ నువ్వు ఏం నమ్ముతావని అడుగుతారు. నా దృష్టిలో రెండోదే కష్టం. రావడానికి కాళ్లు చాలు, నమ్మానని చెప్పాలంటే అబద్ధమాడాలి. పదవికి దేవుడి మీద నమ్మకాన్ని షరతుగా పెట్టడం చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 1961లోనే తేల్చింది. అయినా టెక్సాస్, మిసిసిపీ లాంటి కొన్ని రాష్ట్రాల రాజ్యాంగాల్లో ఆ మాటలు ఇంకా అలాగే ఉన్నాయి. జనం మాత్రం మారుతున్నారు. నాస్తికుడికి అధ్యక్షుడిగా ఓటేస్తామని 1958లో గాలప్ సర్వేలో 100కి 18 మంది అంటే, 2019లో 60 మంది అన్నారు.

అందుకే బోస్టన్ మేలన్నాను. అక్కడ కుదరకపోతే బెంగళూరు. చదువు వరకైతే అలబామా కూడా పర్వాలేదు, క్యాంపస్‌లో అన్ని రకాలవాళ్లూ ఉంటారు. కాపురానికి మాత్రం వద్దన్నాను. పెళ్లి కావాల్సిన అమ్మాయికి కడపను చివర పెట్టాను. ఆ మాట చెప్పడానికి నాకు బాధేసింది. బోస్టన్‌లోనూ మన తెలుగువాళ్లు కలుసుకునేది ఎక్కువగా గుళ్లోనే అని కూడా చెప్పాను. అక్కడ ఆష్‌లాండ్‌లో లక్ష్మీ గుడి ఉంది. ప్రసాదం తినడానికైనా వెళ్లు, ఒంటరిగా ఉండొద్దన్నాను.

"మరి నువ్వెందుకు ఇక్కడే ఉన్నావు పెద్దమ్మా?" అంది.

మీ పెదనాన్న 20 రోజులు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, వ్రతం చేయలేదని నన్ను నానా మాటలన్న ఆడవాళ్లే వంతులేసుకొని క్యారియర్లు తెచ్చారని చెప్పాను. వాళ్లలో ఒకామె దర్గా నుంచి తాయెత్తు తెచ్చి ఆయన చేతికి కట్టింది. నేను విప్పలేదు.

అది కాసేపు ఏమీ మాట్లాడలేదు. బోస్టన్‌కు డబ్బు కట్టే లోపు ఈ సంగతి వాళ్లమ్మకు తనే చెప్పాలని, ఎవరి ద్వారానో తెలిస్తే చెల్లెలు తట్టుకోలేదని అన్నాను. ఆదివారం చెప్తానంది.