పోస్టరు మీద ముఖమా, చేతిలో కెమెరానా?

కళోత్సవాల్లో నల్లజాతి, ఆసియా మూలాల కళాకారులు తక్కువగా కనిపిస్తున్నచోట ఫొటోగ్రఫీని రెండు విధాలుగా వాడవచ్చు. ప్రచార చిత్రాల్లో వారికి ఎక్కువ చోటివ్వడం ఒకటి. ఆ సముదాయాల ఫొటోగ్రాఫర్లకే ఉత్సవాన్ని చిత్రీకరించే పనినీ, ప్రదర్శనకు గోడలనూ ఇవ్వడం రెండోది.

మొదటిది త్వరగా అయిపోతుంది, ఖర్చూ తక్కువే. తనలాంటి ముఖం పోస్టరు మీద కనబడితే ‘ఇక్కడికి నేనూ రావచ్చు’ అనిపిస్తుంది. అయితే వేదిక మీద లేని వైవిధ్యాన్ని పోస్టరులో చూపిస్తే అది ప్రేక్షకులను మోసగించడమే. ఒకే నటి ఫొటోను ఏటా తిప్పితిప్పి వాడటం ఆమెకూ అవమానం.

రెండోదానిలో అసలు సంగతి, చూసే కన్ను ఎవరిదన్నది. కోడాక్ ఫిల్ము ప్రింట్లలో రంగులు సరిచూసే ‘షర్లీ కార్డుల’ మీద దశాబ్దాల పాటు తెల్లజాతి స్త్రీ ముఖమే ఉండేది. ఆ ఛాయకే రంగులు కుదర్చడంతో ముదురు చర్మఛాయలు ఫొటోల్లో వివరాలు కోల్పోయేవి. డిజిటల్ కెమెరాలు వచ్చాక కూడా, స్టేజి వెలుగులో ముదురు ఛాయకు తగిన ఎక్స్‌పోజరు (కెమెరాలోకి చేరే వెలుగు మోతాదు) పెట్టడం అందరికీ చేతకాదు. లండన్‌లో 1988లో ఏర్పడిన ఆటోగ్రాఫ్ సంస్థ నల్లజాతి ఫొటోగ్రాఫర్లకు వేదిక కల్పించింది. 1994లో మాలి రాజధాని బమాకోలో మొదలైన ఫొటోగ్రఫీ ఉత్సవం ఆఫ్రికా ఛాయాచిత్రకారుల పనినే కేంద్రంలో నిలిపింది.

బడ్జెట్టు ఒక్కదానికే సరిపోతే నేను రెండోదాన్నే ఎంచుకుంటాను. ‘పేరు వస్తుంది’ అంటూ ఉచితంగా మాత్రం పిలవకూడదు. పారితోషికం, చిత్రాలపై హక్కులు ముందే రాసుకోవాలి. అలా తీసిన ఫొటోలే మరుసటి ఏడాది పోస్టర్లకూ పనికొస్తాయి.