కోఠిలో అచ్చు వేయించుకున్న కేడ్స్ కోవ్ పటం

అట్లాంటాలో పిల్లలున్న హైదరాబాదు తల్లిదండ్రులు చాలామంది స్మోకీ పర్వతాలకు వెళ్ళి, టెన్నెసీ వైపున్న కేడ్స్ కోవ్ లోయలో పదకొండు మైళ్ళ చుట్టుదారిని కారు దిగకుండానే చూసి వస్తారు. అది ఒకప్పుడు నిండు ఊరని తెలుసుకోదలచినవారికి అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ ఉచితంగా అందించే టోపోవ్యూ పటాల సేవను గట్టిగా సిఫారసు చేస్తాను. స్థలం పేరు ఇస్తే చాలు, ఆ ప్రాంతానికి వేర్వేరు కాలాల్లో వెలువడిన పటాలు కనిపిస్తాయి. కావలసినదాన్ని పీడీఎఫ్‌గానో జేపెగ్‌గానో దింపుకోవచ్చు.

1:24,000 స్కేలు పటాన్ని (అందులో ఒక అంగుళం నేలమీద 2,000 అడుగులకు సమానం) బల్లమీద పరిస్తే, కొండల మీద కిక్కిరిసిన గోధుమరంగు ఎత్తు రేఖలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, లోయలోకి రాగానే విడివడి, దాదాపు 1,800 అడుగుల ఎత్తున చదునైన నేలగా తేలతాయి. పాత శిలలు తమకన్నా కొత్తదైన సున్నపురాతి మీదికి నెట్టుకువచ్చాక, ఆ పైపొర కోసుకుపోయిన చోట సున్నపురాయి బయటపడటంవల్ల ఈ లోయకు మంచి సాగునేల దక్కింది. అక్కడి మూలవాసులైన చెరోకీలు వేటాడిన ఈ చోటికి 1818 ప్రాంతంలో జాన్ ఆలివర్, లుక్రీషియా దంపతులు వచ్చారు. 1819 ఒప్పందంతో చెరోకీలు ఈ భూమిని వదులుకోవలసి వచ్చింది. 1850 నాటికి జనాభా సుమారు 670. స్మోకీ పర్వతాల జాతీయ ఉద్యానవనం కోసం ఇక్కడి భూములు తీసుకున్నప్పుడు, ఆ దంపతుల వంశీకుడు జాన్ డబ్ల్యూ. ఆలివర్ ఏళ్ళ తరబడి కోర్టులో పోరాడి ఓడిపోయాడు. నాగార్జునసాగర్ ముంపు గ్రామాల సంగతి ఎరిగిన మనకు ఇది వింత కాదు. ఇక్కడ మాత్రం నీరు చేరలేదు, పాత పొలాలను నేటికీ అడవి కమ్మకుండా బయళ్ళుగానే ఉంచుతున్నారు.

పటం చదవడం రానివారికి మొదట్లో కొంత విసుగు పుడుతుంది, పైగా ఎత్తులన్నీ అడుగుల్లోనే ఉంటాయి. నాకు అసలు చిక్కు అచ్చు దగ్గర వచ్చింది. ఏ1 కాగితం కావాలని చెప్పినా, కోఠిలోని ఒక జిరాక్స్ దుకాణంవారు అందులో సగముండే ఏ2 మీద కుదించి సరిపెట్టి ఇవ్వడంతో అంగుళానికి 2,000 అడుగులన్న లెక్క తప్పింది. అలాంటప్పుడు పటం అడుగున గీసిన కొలబద్దనే నమ్మండి. పటంతోపాటు అదీ అదే నిష్పత్తిలో కుదించుకుపోతుంది.