పూర్తిగా ఆపాలా, అడిగి వదలాలా? మా బరంపురం ఆఫీసులో డీఎల్‌పీ: ఏది మేలు?

బరంపురంలో మాది పన్నుల లెక్కలు చూసే ఆఫీసు. పట్టుచీరల షాపులు, రైస్ మిల్లులు, రిటైరైన మాస్టార్లు, అందరి పాన్‌లూ ఆధార్‌లూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ మా దగ్గరే ఉంటాయి. క్లయింట్లలో సగం గంజాం జిల్లా వాళ్లు, మిగతావాళ్లు బోర్డర్ దాటాక ఇచ్ఛాపురం, సోంపేట వైపు. లెక్కల జోలికి నేను పోను. కంప్యూటర్లు, మెయిల్, వాటి నుంచి క్లయింట్ల వివరాలు పొరపాటున బయటికి జారకుండా చూసే డీఎల్‌పీ (డేటా లాస్ ప్రివెన్షన్), ఇవీ నా పని.

పోయినేడు జూలైలో రిటర్నుల హడావుడి మధ్య మా కుర్రాడొకడు ఒక క్లయింట్ షీట్ పంపబోయి, అందరి వివరాలున్న మాస్టర్ షీట్ అటాచ్ చేసేశాడు. అడ్రస్ కూడా తప్పే. రెండక్షరాలు కొట్టగానే వచ్చిన పేరు మీద నొక్కేశాడు. అందుకున్నాయనకి ఫోన్ చేసి, బతిమాలి డిలీట్ చేయించాం. నాకు టెన్షన్ పట్టుకుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, సరైన జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చని రాసి ఉంది. మనకి అంత వేస్తారా అన్నది వేరే మాట.

డీఎల్‌పీ చేసే పని చిన్నదే. మెయిల్ బయటికి పోయే ముందు, ఫైల్ బయటివాళ్లకి షేర్ అయ్యేటప్పుడు లోపల ఏముందో చూస్తుంది. ఆధార్ లాంటిది, పాన్ లాంటిది కనబడితే మనం చెప్పినట్టు చేస్తుంది. మేం వాడే మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియంలో మెయిల్‌కీ, వన్‌డ్రైవ్, షేర్‌పాయింట్ ఫైళ్లకీ ఇది వస్తుంది. దొరికాక ఏం చేయమనాలన్నదే తేల్చుకోవాలి. ఊరికే నమోదు చేసి ఊరుకోమనొచ్చు, పూర్తిగా ఆపేయమనొచ్చు, లేదా హెచ్చరించి, కారణం రాయించుకుని వదిలెయ్యమనొచ్చు.

దెబ్బ తిన్నవాణ్ని కదా, నేరుగా పూర్తిగా ఆపేసే రూలు పెట్టేశాను. రెండు రోజులు కూడా నిలవలేదు.

మొదటి తప్పు నాదే. పాన్‌ని పట్టే నమూనా చేత్తో రాశాను: ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. మర్నాటి నుంచి ఇన్వాయిస్ ఒక్కటీ బయటికి పోలేదు. జీఎస్టీ నంబరులో 15 గడులు. ముందు రాష్ట్రం కోడ్, ఒడిశాకి 21, ఆంధ్రకి 37. మూడో గడి నుంచి పన్నెండో గడి దాకా ఉన్నది ఆ వ్యాపారి పానే! నా రూలుకి ప్రతి బిల్లులోనూ పాన్ దొరికింది. అటూ ఇటూ ఇంకో అక్షరమో అంకో ఆనుకుని ఉంటే పాన్‌గా లెక్కపెట్టొద్దని నమూనాకి హద్దులు పెట్టాక దారికొచ్చింది.

ఆధార్‌తో ఇంకో తలనొప్పి. అది 12 అంకెలు. యూపీఐ రిఫరెన్స్ నంబరూ 12 అంకెలే, ఈ-వే బిల్లు నంబరూ అంతే. ఆధార్ చివరి అంకె ముందున్న పదకొండు అంకెల నుంచి లెక్కకట్టి తేల్చేది కాబట్టి, ఆ పరీక్షతో చాలా నంబర్లు రాలిపోతాయి. కానీ సరిచూసే అంకె ఒక్కటే కనుక ఏదో ఒక నంబరు పదింటిలో ఒకసారి గుడ్డిగా నెగ్గుతుంది. 300 యూపీఐ లావాదేవీలున్న స్టేట్‌మెంట్ పంపితే ముప్పై దాకా దొంగ ఆధార్‌లు తేలొచ్చు. పక్కన ‘ఆధార్’ అన్న మాట కూడా ఉంటేనే లెక్కలోకి తీసుకోమని చెప్పాకే ఊపిరాడింది.

ఈలోగా ఇచ్ఛాపురం క్లయింట్ ఒకాయన ఫోను: “ఏటి బాబూ, నా కాగితం నాకే పంపలేవా?” ఆయన అడిగింది న్యాయమే. మావాడు అప్పటికే స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేశాడు. నా రూలు చూపు సొంత ఫోన్ల దాకా పోదు. మెయిల్లో వెళ్తే కనీసం రికార్డు ఉండేది, ఇప్పుడు అదీ లేదు. పూర్తిగా ఆపడంలో నాకు కనబడిన పెద్ద లోటు ఇదే.

ఊరికే నమోదు చేసే పద్ధతి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మొదటి రెండు మూడు వారాలకి అది తప్పనిసరి, నేను దాటేసి తప్పు చేశాను. ఆ తర్వాత కూడా దాన్నే ఉంచితే, దొంగ పోయాక సీసీ కెమెరా చూసుకున్నట్టే.

అందుకే మా లాంటి ఆఫీసుకి అడిగి వదలడమే మేలంటాను, ఒక్క షరతు మీద. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఆధార్ నంబర్లు గానీ పాన్‌లు గానీ ఉంటే హెచ్చరిక వస్తుంది, కారణం రాస్తే మెయిల్ పోతుంది, నాకు రిపోర్ట్ వస్తుంది. పది, ఆపైన ఉంటే పూర్తిగా ఆగుతుంది, ఎవరు రాసినా సరే. ఆ జూలై షీట్ ఈ రెండో దానికే దొరికేది. పెద్ద బ్యాంకులో అయితే నేనూ అన్నిటికీ తాళమే వేస్తానేమో. అక్కడ బయటికి పంపాల్సిన పని అందరికీ ఉండదు. మా దగ్గర రోజంతా చేసేదే అది.

హెచ్చరిక ఒడియాలో రాశాను. మా స్టాఫ్ ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, చాలామంది చదువు ఒడియాలో సాగింది. తెలుగు లిపి కూడబలుక్కుని చదువుతారు.

ఫైల్‌కి పాస్‌వర్డ్ పెట్టి పంపితే చాలదా అని మా పెద్దాయన అడుగుతుంటారు. పాస్‌వర్డ్ ఉన్న ఫైల్ లోపలికి డీఎల్‌పీ చూడలేదు. పైగా మావాళ్లు ఆ పాస్‌వర్డ్‌ని అదే మెయిల్ కింద రాస్తారు. అందుకని పాస్‌వర్డ్ ఉన్న అటాచ్‌మెంట్ కనబడినా కారణం అడిగేలా పెట్టాను.

కారణాల సంగతంటారా, మొదటి వారం సగం చుక్కలే. ఒక చుక్క పెట్టి పంపేయడం. అప్పట్నుంచి సోమవారం టీ టైమ్‌లో ఆ లిస్టు పేర్లతో సహా పైకి చదువుతున్నాను. ఇప్పుడు “సార్ పంపమన్నారు” అని రాస్తున్నారు. ఆ సార్ ఎవరో వచ్చే సోమవారం అడగాలి.