చీమకుర్తి గెలాక్సీ రాయి: వైర్ సాతో కోయాలా, జాక్‌హామర్‌తో చీల్చాలా?

చీమకుర్తి గెలాక్సీని అందరం గ్రానైట్ అంటాం గానీ, భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి రాయి. నల్లటి రాతిలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ ఖనిజం. సన్నటి పగులు పడినా బ్లాకు ధర పడిపోతుంది, అందుకే కోత పద్ధతి అంత ముఖ్యం. వైర్ సా అంటే డైమండ్ పూసలు గుచ్చిన ఉక్కు తీగను తిప్పుతూ రాయిని కోసే యంత్రం. జాక్‌హామర్‌తో అయితే బెజ్జాలు వేసి, వాటిలో ఉక్కు చీలలు దిగ్గొట్టి రాయిని చీలుస్తాం.

ఖర్చు: జాక్‌హామర్‌కు కంప్రెసర్, రాడ్లు, ఉక్కు చీలలు చాలు. వైర్ సాకు మోటారు, పట్టాలు, కరెంటు, ఆగని నీళ్లు, అరిగిపోయే డైమండ్ పూసలు.

శ్రమ: చీలలకు దగ్గరదగ్గరగా ఒకే గీతలో బెజ్జాలు వేయాలి, గీత తప్పితే చీలిక పక్కకు పోతుంది. వైర్‌కు నిలువు బెజ్జం, అడ్డ బెజ్జం రాతి లోపల కలవాలి. కలవకపోతే తీగ దూరదు, మళ్లీ వేయాల్సిందే. తీగ కొసలు కలిపే ముందు మీటరుకు 1.5 నుంచి 2 మెలికలు తిప్పండి. ఇది మరిస్తే పూసలు ఒకవైపే అరిగి కోడిగుడ్డులా అవుతాయి, తీగ ముందే పనికిరాకుండా పోతుంది.

ప్రమాదం: జాక్‌హామర్‌తో దుమ్ము, చెవుడు. వైర్ తెగితే పూసలు తూటాల్లా వస్తాయి. తీగ సాగే సూటిలో ఎవరినీ నిలబడనివ్వకండి, మొహమాటం అస్సలు వద్దు.

అతుకుల్లేని పెద్ద బెంచీని (క్వారీలో మెట్టులా ఉండే రాతి దిమ్మెను) విడదీయాలంటే వైరే. సహజమైన పగుళ్లున్న చోటా, విడదీసిన రాయిని సైజుకు కొట్టేటప్పుడూ జాక్‌హామర్ చాలు. ఎండాకాలంలో మాత్రం నీళ్లు ఖాయం చేసుకోకుండా వైర్ మొదలుపెట్టకండి.