లండన్–పారిస్: గంటంపావు విమానానికి ఐదున్నర గంటలు

లండన్ నుంచి పారిస్‌కు గీత గీసి కొలిస్తే 344 కిలోమీటర్లు. ఇంచుమించు హైదరాబాద్ నుంచి రాజమండ్రి దూరం. విమానం గాల్లో ఉండేది 50 నిమిషాలు అటూ ఇటూ. టికెట్ మీద మాత్రం గంటంపావు, గంటన్నర చూపిస్తారు. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, తన వంతు కోసం ఆగడం, దిగాక గేటు చేరడం కూడా ఆ లెక్కలోనివే.

టికెట్ వేళలు చూసి చాలామంది తికమకపడతారు. పారిస్ గడియారం లండన్ కంటే గంట ముందుంటుంది. లండన్‌లో 10 గంటలకు ఎక్కితే 12.15కి దిగుతారు. తిరుగు ప్రయాణంలో 10కి ఎక్కితే 10.15కే దిగినట్టుంటుంది. ఆపైన మరో టికెట్ కొనేటప్పుడు ఈ గంటను మరిచిపోతే రెండోది చేజారుతుంది.

ఇంటి గుమ్మం నుంచి హోటల్ గుమ్మం దాకా లెక్కేస్తే సంగతి తేలుతుంది. లండన్ నగరం మధ్య నుంచి పికడిల్లీ లైన్ మెట్రోలో హీత్రో విమానాశ్రయానికి దాదాపు గంట. విమానాశ్రయంలో రెండు గంటలు. విమానం గంటంపావు. పారిస్ విమానాశ్రయం షార్ల్ ద గోల్‌లో పాస్‌పోర్టు వరస, సామాను కలిపి ముప్పావు గంట. అక్కడి నుంచి ఆర్‌ఈఆర్ బి అనే లోకల్ రైల్లో ఊళ్లోకి అరగంట. మొత్తం ఐదున్నర గంటలు. లండన్ శివార్లలోని ల్యూటన్ విమానాశ్రయం నుంచి చౌక టికెట్ దొరికినా, అక్కడికి వెళ్లే రైలు ఖర్చు, సామాను రుసుము కలిపి చూడండి, చౌక ఎంతో తెలుస్తుంది.

యూరోస్టార్ రైలు లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్ నుంచి పారిస్ గార్ ద్యు నోర్ స్టేషన్‌కు 2 గంటల 20 నిమిషాల్లో చేరుస్తుంది. గంటంపావు ముందు స్టేషన్‌లో ఉంటే చాలు. ఫ్రెంచి పాస్‌పోర్టు తనిఖీ లండన్‌లోనే అయిపోతుంది, పారిస్‌లో దిగి నేరుగా బయటికి నడవడమే. వచ్చేటప్పుడు బ్రిటిష్ తనిఖీ పారిస్‌లోనే. భారతీయ పాస్‌పోర్టుకు హీత్రోలోని ఈ-గేట్లు (యంత్రమే పాస్‌పోర్టు చూసి పంపే ద్వారాలు) తెరుచుకోవు కాబట్టి మనకు ఇది చిన్న లాభం కాదు. రెండు పెట్టెలు, ఒక చేతిసంచికి అదనపు రుసుము లేదు. 100 మిల్లీలీటర్ల నిబంధనా లేదు, ఆవకాయ సీసా చేతిసంచిలోనే పెట్టుకోవచ్చు. నెయ్యి మిఠాయిలు మాత్రం వద్దు: బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్ (ఈయూ) దేశాల్లోకి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లడం నిషేధం. తంటా అంతా ధరలోనే. నెలల ముందు కొంటే 50 పౌండ్ల చుట్టుపక్కల దొరికే సీటు చివరి వారంలో 200 దాకా పోతుంది. అప్పుడు విమానం చూసుకోవడంలో తప్పు లేదు. హైదరాబాద్ నుంచి హీత్రో మీదుగా ఒకే టికెట్‌పై పారిస్ వెళ్లేవాళ్లకూ విమానమే నయం, పెట్టెలు మోసుకుంటూ లండన్ ఊళ్లోకి రానక్కర్లేదు.

లండన్‌లోని విక్టోరియా బస్ స్టేషన్ నుంచి బస్సు కూడా ఉంది. ఎనిమిది, తొమ్మిది గంటలు. సరిహద్దు తనిఖీకి నిద్రలో దింపుతారు, నడుము గట్టిగా ఉన్నవాళ్లకే.

దేనిలో వెళ్లినా షెంగెన్ వీసా (ఫ్రాన్స్ సహా చాలా యూరప్ దేశాల ఉమ్మడి వీసా) వేరు, బ్రిటన్ వీసా వేరు. పర్యాటక వీసాపై లండన్ వచ్చినవాళ్లు, తిరిగి అడుగుపెట్టేందుకు అది చెల్లుతుందో లేదో ముందే చూసుకోవాలి. షెంగెన్ వీసా ఒక్క ప్రవేశానిదే అయితే, పారిస్ నుంచి లండన్ వచ్చిపోదామనుకుంటే కుదరదు.

బస విషయానికొస్తే, గార్ ద్యు నోర్ దగ్గర గదులు ఇరుకు, రాత్రిళ్లు వీధి సందడి, జేబుదొంగల బెడద. అయినా ఒక రాత్రికి సరే. స్టేషన్ వెనక లా షపెల్ వైపు పది నిమిషాలు నడిస్తే శ్రీలంక తమిళుల హోటళ్లలో ఇడ్లీ, దోశె దొరుకుతాయి.